కోతల పండగలో కౌజు పిట్ట

మా నాయన పెంచిన కౌజు పిట్ట గొంతు నేను నిద్రలో కూడా గుర్తుపడతాను. అందుకే ఆ డిసెంబరు రెండో శనివారం పొద్దున, ఉదయగిరి దుర్గం కింద కలివి పొదల మధ్య మా పక్షిమిత్రుల సంఘం మొత్తం ఊపిరి బిగబట్టి పాకుతుంటే, అందరికంటే ముందు చెమట పట్టింది నాకే.

"చాలా దగ్గర్లో ఉంది" అని రామనారాయణగారు పెదాలతోనే చెప్పారు. ఆయన మా ప్రెసిడెంటు. ఆత్మకూరులో తాతల నాటి మాగాణి, మెడలో బైనాక్యులర్స్, అరవై దాటినా ముల్లు గుచ్చుకుంటే ఆ ముల్లుకే సారీ చెప్పే రకం మనిషి. ఆయన వెనక ఫొటో స్టూడియో జయపాల్, కెమెరా పట్టుకుని మోచేతుల మీద దేకుతున్నాడు. ఆ వెనక నేను. పేరు రూబీ. ఆత్మకూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని, సంఘానికి సెక్రటరీని.

పిట్ట మళ్ళీ పిలిచింది. మూడు ముక్కలుగా విరిచినట్టుండే పిలుపు. చివరి ముక్కలో కొంచెం బొంగురు.

ఆ బొంగురుతో ఇంక అనుమానం పోయింది.

"సార్, అది అడవి పిట్ట కాదు" అన్నాను గట్టిగానే. "మా నాయనది."

జయపాల్ అప్పటికే పొద తొలగించాడు. లోపల వెదురు పంజరం, దాని చుట్టూ నేల మీద పరిచిన ఉరులు. ఒక ఉరిలో జయపాల్ బొటనవేలు. అవతల బండ వెనకనుంచి మా నాయన వెంగయ్య లేచాడు. తలకు తువ్వాలు, నోట్లో ఆరిపోయిన చుట్ట.

"ఏంది పాపా ఇది? పెళ్ళివారి మాదిరి ఇంతమందిని తోలుకోనొచ్చినావు. ఈ పూటకి కొండ కింద కౌజన్నది మిగల్తాదా?"

జయపాల్ వేలు చూపించాడు. "ఒకటి పడింది గదా మామా. బరువు గూడా బాగానే ఉండాది."

అందరూ నవ్వారు. రామనారాయణగారు మాత్రం పంజరం ముందు గొంతుక్కూర్చుని పిట్టనే చూస్తూ ఉండిపోయారు.

దాన్ని దీమం పిట్ట అంటారు. పిల్లగా ఉన్నప్పుడే తెచ్చి, చెదపురుగులు నోటికందించి పెంచుతారు. పెద్దదయ్యాక పొదలో పెడితే అది పిలుస్తుంది. ఎవడో తన నేల మీదికొచ్చి సవాలు చేస్తున్నాడని అడవి కౌజు కొట్లాటకి ఉరికి వస్తుంది. ఉరిలో కాలు పెడుతుంది. మా నాయన బావి తవ్వుతూ కాలు విరగ్గొట్టుకున్నప్పటినుంచి చేస్తున్న పని అదే. పడ్డ పిట్టలు మర్రిపాడు రోడ్డులో లారీలు ఆగే హోటళ్ళకి పోయేవి. నాకు ఉద్యోగం వచ్చాక మానేయొచ్చు, మానలేదు. ఒక్కడే నిలబడి కొండంతటినీ పోరాటానికి పిలుస్తాడని ఆ పిట్టకి మా అమ్మ లిదియమ్మ బైబిల్లో యోధుడి పేరు గిద్యోను అని పెట్టింది. ఇంట్లో నాకంటే దానికే ముందు అన్నం.

మరుసటి వారం లైబ్రరీ గదిలో మీటింగు జరిగింది. రామనారాయణగారు ఎవరి పేరూ ఎత్తలేదు. ఊళ్ళు తిరిగి పిట్టల గురించి ఉపన్యాసాలు చెప్పే మనం ముందు మన ఇళ్ళు చూసుకోవాలి అన్నారు. సభ్యుల ఇంట్లో పంజరంలో పిట్ట ఉండకూడదు, ఉన్నవాళ్ళకి ఉగాది దాకా గడువు. తీర్మానం చదవాల్సింది సెక్రటరీ. చదివాను. గొంతు ఎక్కడా తడబడకుండా చదివాను, ఎక్స్ఛేంజిలో రోజంతా చేసే పని అదే కదా.

ఆ సంఘం నాకెందుకంత ముఖ్యమో చెప్పాలి. వారమంతా చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని వాళ్ళ మాటలు వీళ్ళకి, వీళ్ళ మాటలు వాళ్ళకి కలుపుతాను. నువ్వేం విన్నావని నన్నడిగేవాళ్ళుండరు. రెండో శనివారం మాత్రం పొదల మధ్య నిలబడి రామనారాయణగారు అడుగుతారు, "రూబీ, ఏం విన్నావమ్మా?" నేను చెప్పింది నిజమని అందరూ అటు తిరుగుతారు.

ఇంటికెళ్ళి నాయనకి చెప్పాను. ఆయన గిద్యోనుకి నూకలు పోస్తున్నాడు. తల ఎత్తలేదు. తను ఎవరి పొలంలో దొంగతనం చెయ్యలేదనీ, కౌజుని కొయ్యొద్దనే మనుషులు కోడిని ఏ మంత్రం చదివి తింటున్నారో కనుక్కుని రమ్మనీ అన్నాడు. అమ్మ మధ్యలో దూరింది. ఆదివారం ఆరాధనకి వచ్చినా నా చెవులు కిటికీ బయట పిట్టల మీదే ఉంటున్నాయని ఆమె ఫిర్యాదు. ఆ పూటకి ఇద్దరూ కలిసి నాకు చేసిన మేలు, అన్నం తిననివ్వడమే.

జనవరిలో మళ్ళీ అదే కొండ కిందికి వెళ్ళాం. నిరుడు ఇదే చోట నాలుగు దిక్కులా కౌజులు పిలుస్తుంటే ఎటు తిరగాలో తెలియలేదు. ఈసారి ఎక్కడో దూరంగా ఒక్కటి పిలిచి ఊరుకుంది. రామనారాయణగారు అలవాటుగా అడిగారు, ఏం విన్నావని.

"ఏం లేదు సార్" అన్నాను. అందరూ నేల చూశారు. నా ముఖం చూడటం మర్యాద కాదని.

ఫిబ్రవరిలో మా పాలెంలో కోతల పండగ వచ్చింది. ఆ సాయంత్రం చర్చి పందిట్లో స్లైడ్లు వేసి పిట్టల మీద ప్రసంగం పెడితే బాగుంటుందని నేనే ఏర్పాటు చేశాను. పాస్టరు దయాసాగర్‌గారు సరేనన్నారు. మా సంఘం వాళ్ళు జీపులో అనుకున్నదానికంటే ముందే వచ్చేశారు. ప్రొజెక్టరుకి కరెంటు చాలటం లేదని జయపాల్, నేను వైరు పట్టుకుని స్తంభం దగ్గరికి పరిగెత్తాం. రామనారాయణగారు పందిట్లో ముందు వరసలో కుర్చీలో కూర్చున్నారు. ఆయన్ని అక్కడ కూర్చోబెట్టింది మా నాయనే. తన తువ్వాలుతో కుర్చీ దులిపి మరీ.

కోతల పండగ నాడు ప్రతి ఇంటివాళ్ళూ ఏదో ఒకటి తెచ్చి బల్ల ముందు పెడతారు. వడ్ల గంప, గుమ్మడికాయ, పుంజు, ఏమీ లేనివాళ్ళు నాలుగు గుడ్లు. ఆరాధన అయ్యాక పాస్టరుగారు వాటిని వేలం వేస్తారు. సెంటు పొలం లేని మా నాయన ఏటా గిద్యోనుని తెచ్చి పెట్టేవాడు. తనే పాడుకుని మళ్ళీ ఇంటికి తెచ్చుకునేవాడు. ఇచ్చినవాడు తన వస్తువు తనే పాడుకోవాలనుకుంటే మా పాలెంలో ఇంకొకరు అడ్డుపడరు. వేడుకకి ఒకరిద్దరు చిన్న పాట పాడి, ఆయన చేత కాస్త ఎక్కువ పాడించి, నవ్వుకుని ఆగిపోతారు. ఇది ఎక్కడా రాసి లేదు. పాలెంలో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

రామనారాయణగారు పాలెంలో పుట్టలేదు.

స్తంభం దగ్గర్నుంచి నాకు ఆయన గొంతు వినిపించింది. నిదానంగా, స్పష్టంగా, "రెండొందలు" అంటున్నారు. వైరు జయపాల్ చేతిలో పడేసి పరిగెత్తాను. వెళ్ళేసరికి పందిరంతా బిగుసుకుపోయి ఉంది. బల్ల మీద పంజరం. ఒకవైపు మా నాయన, ఒకవైపు రామనారాయణగారు. పాపం, ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పుంజుల పక్కన పెట్టారంటే కూరకి పోబోతున్నట్టేనని, ఆ పిట్టని కాపాడుతున్నానని ఆయన నమ్మకం.

మా నాయన ఇంకో పాట పాడి ఉండేవాడే. నోరు తెరిచాడు. అప్పుడు పందిరి గుంజ పక్కన నిలబడి రొప్పుతున్న నన్ను చూశాడు. నన్ను చూసి, కుర్చీలో ఉన్న పెద్దమనిషిని చూసి, నోరు మూసుకున్నాడు. తన కూతురు పిలిస్తే వచ్చినాయన. పండగ పూట పదిమందిలో ఆయన మాటకి ఎదురు పోవడమా?

పాస్టరుగారు మూడోసారి బల్ల కొట్టారు.

మా నాయన పంజరం తీసి తనే రామనారాయణగారి చేతికిచ్చాడు. "చెదలు ఇష్టంగా తింటాడయ్యా. పిల్లుల్ని పక్కకి రానీయబాకండి" అన్నాడు. స్లైడ్ల ప్రసంగానికి ఉండకుండా కాలీడ్చుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ప్రొజెక్టరు బాగానే పనిచేసింది. తెర మీద ఏ పిట్టలు వచ్చాయో నాకు ఒక్కటీ గుర్తులేదు.

జీపు ఎక్కేముందు రామనారాయణగారికి మా ఆచారం చెప్పాను. ఆయన ఒక చేత్తో జీపు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మరునాడు పొద్దున్నే పంజరంతో సహా మా ఇంటి ముందు దిగారు. నాయన మంచం వేసి, మంచినీళ్ళిచ్చి, పంజరం వైపు మాత్రం చూడలేదు.

"దేవుడికిచ్చినాను. మీరు పాడుకున్నారు. అయ్యగారు బల్ల కొట్టినాడు" అన్నాడు. "ఇంగ అది నాది గాదయ్యా. ఇప్పుడు తీసుకున్నానంటే, ఇచ్చినదాన్ని దొంగదారిన వెనక్కి తెచ్చుకున్నట్టు గాదా?"

రామనారాయణగారు ఎంత బతిమాలినా ఆ మాట మీదే నిలబడ్డాడు. పిట్ట మళ్ళీ ఆత్మకూరు వెళ్ళింది.

అడవిలో వదిలేద్దామని జయపాల్ అంటే రామనారాయణగారు ఒప్పుకోలేదు. చేతి తిండి మీద పెరిగిన పిట్ట సాయంత్రంలోపు ఏ పిల్లి నోట్లోనో పడుతుందని ఆయనకి తెలుసు. వసారాలో తగిలించారు. గిద్యోను తిన్నాడు, నీళ్ళు తాగాడు, పిలవడం మానేశాడు. వారం గడిచినా ఒక్క కూత లేదు. ఆయన భార్య రాఘవమ్మగారు ముందు విసుక్కున్నా తర్వాత తనే మల్లెపందిరి కిందికి పంజరం మార్చి చూసింది, రేడియో పెట్టి చూసింది. "మా ఇంట్లో మాట్లాడని మగాడు ఒకడుండేవాడు, ఇప్పుడు ఇద్దరు" అంది నాతో.

మా ఇంట్లోనూ అదే సంగతి. నాయన కొండకి పోవడం లేదు. సిద్ధయ్య అని మా పాలెంలోనే ఇంకో వేటగాడు, నాయనకి చిన్ననాటి జత. మంచి వయసులో ఉన్న దీమం పిట్టని తెచ్చి అరుగు మీద పెట్టి, ఉంచుకోరా అన్నాడు. దాని కూత విని కొండ వణుకుతుందట. నాయన ఆ పిట్ట వంక చూడనైనా చూడకుండా తీసుకుపొమ్మన్నాడు. గిద్యోను ఎలా ఉన్నాడని నన్ను ఒక్కసారీ అడగలేదు. కానీ సోమవారం పొద్దున బస్సెక్కబోతే నా సంచిలో డబ్బా బరువు తగిలేది. మూత తీస్తే చెదపుట్ట పెళ్ళలు.

సంఘం మీటింగులో జయపాల్ లేచి, రూలు ప్రకారం ఇప్పుడు ముందుగా రాజీనామా చెయ్యాల్సింది ప్రెసిడెంటుగారేనని గుర్తుచేశాడు. గది ఘొల్లుమంది. రామనారాయణగారు కూడా నవ్వి, తప్పు రాశామన్నారు. పిట్టని సాకడం తప్పుకాదు, పట్టడం తప్పు. పంజరం అన్న చోట ఉరి అని మార్చారు. ఉరులు పన్నే ఇంటి మనిషి సంఘంలో ఉండకూడదు. గడువు అదే ఉగాది. నా చేత్తోనే దిద్దాను. ఇంట్లో చెప్పలేదు. గూట్లో ఉరుల కట్ట ఊరికే పడి ఉండగా చెప్పడానికి ఏముంది? గిద్యోను తిరిగి వస్తే ఆ కట్ట గూట్లోంచి దిగుతుంది, అంతే. దిగితే నేను సంఘంలో ఉండను, కొండ కింద ఆ మిగిలిన ఒక్క కూతా ఉండదు. దిగకపోతే మా నాయన అలా గోడకి ఆనుకుని కూర్చునే ఉంటాడు.

ఫిబ్రవరి చివర్లో రామనారాయణగారు ఎక్స్ఛేంజికే ఫోన్ చేశారు. కోతల పండగ కాకుండా వేరే రోజుల్లో చర్చికి ఎవరైనా ఏమైనా ఇవ్వవచ్చా అని అడిగారు. ఇవ్వవచ్చని చెప్పాను. జబ్బు తగ్గితే, పరీక్ష పాసయితే కృతజ్ఞతగా కోడినో కొబ్బరికాయనో తెచ్చి పెడతారు. అదీ వేలానికే పోతుంది.

"క్రైస్తవులే ఇవ్వాలా?"

"కోడి మతం ఎవరూ అడగరు సార్."

అవతల క్యాలెండరు కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత, వచ్చే ఆదివారం వస్తానన్నారు.

మార్చి మొదటి ఆదివారం. రామనారాయణగారు దంపతులు ఇద్దరూ వచ్చారు. చెప్పులు బయట విడిచి, ఆరాధన మొత్తం కింద చాప మీదే కూర్చున్నారు. పాటలకి అందరితోపాటు లేచారు, అందరితోపాటు కూర్చున్నారు. కానుకల వేళ ఆయన పంజరం తెచ్చి బల్ల ముందు పెట్టి, రెండు చేతులూ కట్టుకుని తన చోటికి వెళ్ళిపోయారు. చర్చి అంతా ఒక్కసారి కదిలి సర్దుకుంది. ఏం జరుగుతున్నదో చంటిపిల్లలకి తప్ప అందరికీ అర్థమైంది.

పాస్టరుగారు ఆశీర్వాదం పలికి, నవ్వుముఖంతో పంజరం ఎత్తి పట్టుకున్నారు. "కౌజు పిట్ట. ఎవరు పాడతారు?"

మా నాయన నోరు తెరవలేదు.

ఇంకోసారి అడిగారు. నాయన చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. సిద్ధయ్య మోచేత్తో పొడిచాడు. అమ్మ ఆడవాళ్ళ వైపునుంచి కళ్ళతోనే కేకలు వేసింది. ఊహూ. రామనారాయణగారి ముఖం పాలిపోతోంది.

అప్పుడు నాకు తట్టింది. ఎదురు పాట లేదు. పదిమందీ నోళ్ళు కట్టుకుని కూర్చుని, పెద్దాయన తెచ్చిచ్చినదాన్ని రూపాయికి పాడుకుంటే అది వేలం ఎలా అవుతుంది? చెయ్యి చాపి పుచ్చుకోవడం అవుతుంది. మా నాయన చచ్చినా చెయ్యి చాపడు.

"యాభై" అన్నాను.

చర్చి మొత్తం నా వైపు తిరిగింది. నాయన కూడా. ఆయన చూపు కాస్త వెలిగింది.

"అరవై" అన్నాడు.

"వంద."

"వందా పది."

జనంలో నవ్వు మొదలైంది. ఇక్కడ ఆగిపోవాలి. వేడుక అయిపోయింది, అందరి పరువూ నిలిచింది. కానీ ఆ నవ్వులో నాకు జనవరిలో విన్న కొండ నిశ్శబ్దం వినిపించింది. నాయన కొండకి పోని ఈ నెల ఎంత హాయిగా ఉండి ఉంటుందో ఆ పిట్టలకి. నా సంచిలో జీతం కవరు అలాగే ఉంది, ఇంకా విప్పలేదు.

"రెండొందలు" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. నాయన నన్ను తేరిపార చూశాడు. నేను ఆడటం లేదని ఆయనకి అర్థమైంది. నేనూ చూపు తిప్పుకోలేదు.

"రెండొందల పది" అన్నాడు మెల్లగా.

"మూడొందలు."

అమ్మ, "ఓసే రూబీ" అని పళ్ళ సందునుంచి అంది. పాస్టరుగారు చెయ్యి ఎత్తబోయి దించారు. మూడొందలంటే నాయన దగ్గర లేవు. ఆ సంగతి నాకు తెలుసు, పాలెంకీ తెలుసు.

నాయన లేచి నిలబడ్డాడు. విరిగిన కాలు సర్దుకోవడానికి కాసేపు పట్టింది.

"నా ఉరులు" అన్నాడు.

పాస్టరుగారికి అర్థం కాలేదు. "ఏంది వెంగయ్యా?"

"డబ్బు లేదు అయ్యగారూ. ఇంట్లో ఉరుల కట్ట ఉండాది. మా నాయన కాలం నాటివి గూడా ఉండాయి అందులో. అది పెడతాను పాటకి." నా వైపు చూడకుండా అన్నాడు. "వాడొస్తే చాలు నాకు."

పాస్టరుగారు ఇరుకున పడ్డారు. ఉరుల కట్ట విలువ ఎంతని ఎవరు చెప్పాలి? ఆయన నన్నే అడిగారు.

"అమ్మా రూబీ, నీ పాట మూడొందలు. మీ నాయన పాట దానికంటే ఎక్కువా తక్కువా?"

జీతం కవరు సంచి లోపలికి నెట్టేశాను.

"ఎక్కువే అయ్యగారూ" అన్నాను.

బల్ల మూడుసార్లు మోగింది. నాయన పంజరం ముట్టుకోలేదు. ముందు బయటికి నడిచాడు. మేమంతా అలాగే కూర్చున్నాం, ఎవరూ చివరి ప్రార్థన గురించి అడగలేదు. ఇంటినుంచి గోనెసంచిలో చుట్టిన కట్ట తెచ్చి బల్ల ముందు పెట్టాడు. అప్పుడు పంజరం అందుకుని, దాని మీద కప్పిన గుడ్డ పైకెత్తి గిద్యోను ముఖంలో ముఖం పెట్టి ఏదో గొణిగాడు. అది మాకెవరికీ వినపడలేదు.

అందరూ లేవబోతుంటే పాస్టరుగారు ఆగమన్నారు. ఆయన చూపు ఆ గోనెసంచి మీద ఉంది. బల్ల ముందుకి వచ్చింది ఏదైనా వేలానికే పోవాలి. అది కూడా ఎక్కడా రాసి లేదు.

"ఉరుల కట్ట" అన్నారు ఆయన, అంతకంటే ఏమనాలో తోచక. "ఎవరు పాడతారు?"

పాలెంలో ఆ కట్ట పనికొచ్చే మనిషి ఒకడే ఉన్నాడు. సిద్ధయ్య అప్పటికే మోకాళ్ళ మీద లేచి సంచి వైపు చూస్తున్నాడు. అలాంటి ఉరులు ఇప్పుడు పేనేవాళ్ళు లేరు.

రామనారాయణగారు మాత్రం బల్ల వైపు చూడలేదు. మగవాళ్ళ వరసలోంచి వెనక్కి తిరిగి, ఇంతమంది మధ్యా నన్ను వెతుక్కున్నారు.

"అమ్మాయ్, ఇప్పుడు నేను పాడొచ్చా?" అని అడిగారు.

"పాడండి సార్" అన్నాను.

"ఒక రూపాయి" అన్నారాయన.

సిద్ధయ్య నోరు తెరిచాడు. పంజరం ఒడిలో పెట్టుకుని కూర్చున్న మా నాయన వంక ఒకసారి చూశాడు. నోరు మూసుకుని మెల్లగా చాప మీద కూర్చున్నాడు. పాస్టరుగారు అడిగారు, మళ్ళీ అడిగారు, మూడోసారి అడిగారు. పాలెం మొత్తం పెదవి కదపలేదు.